మార్కులు పిల్లలవి, కాగితాలు మనవి

పిల్లకి ఇంటర్‌లో మంచి మార్కులొచ్చాయి. హైదరాబాద్ నిజాం కాలేజీలోనో, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో సీటు కూడా వచ్చింది. ఇంట్లో ఆ సంబరం రెండు రోజులుంటుంది. ఆ తర్వాత లెక్కలు మొదలవుతాయి. హాస్టలు, మెస్సు, బస్ పాసు, పుస్తకాలు, ఊరికి రానూపోనూ ఛార్జీలు. అప్పుడే చుట్టాల్లో ఎవరో అంటారు, "అన్ని మార్కులొచ్చిన పిల్లకి స్కాలర్‌షిప్ రాదా ఏంటి?" అని. ఇక మనకి నిద్ర పట్టదు. ఎక్కడ అడగాలి, ఎవరిని అడగాలి, ఈపాటికే గడువు దాటిపోయిందేమో! యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, అడ్మిషన్ల రోజుల్లో ఆఫీసు వరండాలో ఫైలు పట్టుకుని నిలబడ్డ అమ్మానాన్నలతో మాట్లాడుతూ చాలా ఏళ్లు గడిపినదాన్ని. ఆ కంగారు నాకు బాగా తెలుసు.

ముందు ధైర్యం చెప్పే మాట. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో రెగ్యులర్ సీటు తెచ్చుకున్న బిడ్డ చాలా సాయం అప్పటికే సంపాదించుకున్నట్టు. అక్కడ ఫీజు తక్కువగా ఉందంటే, మిగతా ఖర్చు ప్రభుత్వం మోస్తోందని అర్థం. ఈ సంగతి బిడ్డతో పైకి అనండి. "నీ మార్కుల వల్ల మనకి ఇంత భారం తప్పింది" అన్న మాట అమ్మ నోటో నాన్న నోటో వినాలని పిల్లలకి ఎంతో ఉంటుంది. మనం లోపల అనుకుంటాం గానీ వాళ్ల చెవిన వేయం.

ఇక చేదు మాట. ఇంత పెద్ద విశ్వవిద్యాలయంలో మార్కులు చూసి ఎవరూ పిలిచి స్కాలర్‌షిప్ ఇవ్వరు. స్కూల్లో హెడ్మాస్టరు పేరు పెట్టి పిలిచేవారు. జూనియర్ కాలేజీ వాళ్లు ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. ఇక్కడ బిడ్డకి ఒక రోల్ నంబరు ఉంటుంది, అంతే. అడిగితేనే వస్తుంది, అదీ వేళకి అడిగితేనే. ప్రిన్సిపాల్ గది ముందు ఎంతసేపు నిలబడ్డా పని కాదు, ఎందుకంటే మెరిట్ స్కాలర్‌షిప్పుల్లో పెద్దవన్నీ కేంద్రం ఇచ్చేవే. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఆ పిల్ల మా దగ్గరే చదువుతోందని సరిచూసి పైకి పంపడమే కాలేజీ పని.

డిగ్రీలో చేరినవాళ్లు మొదట చూడాల్సింది నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్. కేంద్ర విద్యాశాఖ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ అందులోనే ఉంటుంది. దేశం మొత్తం మీద ఏటా 82,000 మందికి కొత్తగా ఇస్తారు. వాటిలో సగం ఆడపిల్లలవి. పన్నెండో తరగతిలో తన గ్రూపులో పాసైనవాళ్లలో 80వ పర్సంటైల్ దాటి ఉండాలి, అంటే ఇంచుమించు 100 మందిలో మొదటి 20 మందిలో. ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు మించకూడదు. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 రూపాయలు, పీజీలో 20,000 వస్తాయి. బీఎస్సీలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాల వంటి మూల శాస్త్రాలు తీసుకున్నవాళ్లకి ఇన్‌స్పైర్ అని ఇంకొకటి ఉంది. ఇంటర్ బోర్డులో మొదటి 1 శాతంలో ఉన్నవాళ్లకి ఏడాదికి 80,000. అందులో 60,000 చేతికి, 20,000 వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గర చేసే ప్రాజెక్టుకి. దీనికి ఆదాయ పరిమితి లేదు. ఇంజనీరింగ్‌లో చేరిన అమ్మాయిలకి ఏఐసీటీఈ వారి ప్రగతి ఏడాదికి 50,000 ఇస్తుంది, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. పీజీలో చేరితే యూజీసీ డిగ్రీ మార్కులు చూసి 10,000 మందిని ఎంపిక చేసి, నెలకి 15,000 చొప్పున ఏడాదికి 10 నెలలు ఇస్తుంది.

ఇన్‌స్పైర్ మొత్తం చూసి ఆశపడే ముందు ఒక్కమాట. అది ఇంజనీరింగ్‌కీ మెడిసిన్‌కీ ఇవ్వరు. ఆ 80,000 కోసం ఫిజిక్స్ అంటే ఇష్టం లేని పిల్లవాడిని బీఎస్సీలో చేర్చకండి. ఇష్టం ఉన్నవాడిని, పేరున్న కోర్సు కాదని ఆపనూ వద్దు.

మన రెండు రాష్ట్రాల్లో చాలా ఇళ్లు తడబడే చోటు ఇంకొకటుంది. తెలంగాణలో ఈపాస్ ద్వారా, ఆంధ్రలో జ్ఞానభూమి ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటున్న పిల్లలకి సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ వర్తించదు. రెండింటిలో ఏదో ఒకటే. ఏది మేలో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవాలి. ఫీజు కొద్దిగా ఉండే రెగ్యులర్ కోర్సుకి ఒక లెక్క వస్తుంది, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుకి, హాస్టల్లో ఉండి మెస్ చార్జీలు కూడా ప్రభుత్వం నుంచి పొందే పిల్లకి ఇంకో లెక్క వస్తుంది. "రెండూ పెట్టేద్దాం, ఎవరు చూస్తారు" అని నెట్ సెంటర్ అబ్బాయి సలహా ఇవ్వవచ్చు. వినకండి. కింద సంతకం పెట్టేది మన బిడ్డ. పద్దెనిమిదేళ్ల వయసులో ఆ పిల్ల పెట్టే మొదటి సంతకాల్లో ఒకటి అబద్ధం మీద ఉండకూడదు.

పైన చెప్పిన కేంద్ర స్కాలర్‌షిప్పులన్నిటికీ తొలి దరఖాస్తు చేరిన ఏడాదే పెట్టాలి. "ఈ ఏడు కాస్త కుదురుకోనీ, వచ్చే ఏడు చూద్దాం" అనుకున్న ఇళ్లలో ఆ వచ్చే ఏడు రాదు. రెండో ఏడాది నుంచి ఉండేది రెన్యువల్ మాత్రమే, అది మొదటి ఏడాది వచ్చినవాళ్లకే. చివరి తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి, సీటు వచ్చిన వారం నుంచే పోర్టల్‌ని చూస్తూ ఉండాలి.

మనం చేతనైనంత చేయాల్సిన పని ఈ కాగితాల దగ్గరే ఉంది. నా అనుభవంలో మార్కులు చాలక ఆగిపోయిన దరఖాస్తుల కన్నా పేరు కుదరక ఆగిపోయినవే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. మనకి ఇంటిపేరు ముందుంటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి తర్వాత పేరు ఉంటుంది. ఆధార్‌లో పేరు ముందుండి ఇంటిపేరు ఒక్క అక్షరమై చివరికి చేరుతుంది. ఇంట్లో పిలిచే "లక్ష్మి" ఒక కాగితంలో ఉంటుంది, ఇంకో కాగితంలో ఉండదు. మనిషికి రెండూ ఒకటే, కంప్యూటరుకి కాదు. ఇక బ్యాంకు ఖాతా. డబ్బు ఆధార్‌కి ముడిపడి ఉన్న ఖాతాలోకే వెళుతుంది. ఎప్పుడో సిమ్ కార్డు తీసుకున్నప్పుడు వేలిముద్ర వేయిస్తే తెరుచుకున్న ఖాతాకి ఆ ముడి పడి ఉంటే, డబ్బు అక్కడికే పోతుంది. మనమేమో పాస్‌బుక్కు పట్టుకుని రాలేదు రాలేదు అని తిరుగుతుంటాం. బ్యాంకుకి వెళ్లి ఏ ఖాతాకి ఆధార్ ముడి ఉందో అడిగితే చెబుతారు. ఆదాయ ధ్రువపత్రం మీసేవలోనో సచివాలయంలోనో ముందే తీసుకుని పెట్టుకోవాలి, చివరి వారంలో కాదు. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకూడదు, స్కాలర్‌షిప్ ఆఫీసు నుంచి అని ఫోన్ వచ్చినా సరే.

ఒక అమ్మాయి దరఖాస్తు ఇలాగే పేరు తేడాతో వెనక్కి వచ్చింది. సరిచేసి మళ్లీ పంపడానికి వ్యవధి ఇచ్చారు. ఆ పిల్ల ఆ సంగతి రూమ్మేట్‌కి చెప్పింది గానీ ఇంట్లో చెప్పలేదు. గడువు దాటాక తెలిసి వాళ్ల నాన్న నా దగ్గరికి వచ్చారు. "ఒక్క ఫోన్ చేస్తే నేను బస్సెక్కి వచ్చేవాణ్ణి కదమ్మా" అని కూతురి ముందే కళ్లు తుడుచుకున్నారు. ఆయన ప్రేమలో లోటు ఏమీ లేదు. ఆ తర్వాత పిల్లని విడిగా కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. "నాన్న అందరికీ చెప్పుకున్నారు మేడమ్, నాకు వచ్చేసినట్టే అని. వెనక్కి వచ్చిందని ఎలా చెప్పను?" కాగితంలో పేరు తేడా ఉందని ఆ పిల్ల అనుకోలేదు. తనలోనే ఏదో తక్కువైందనుకుంది.

ఈ వయసులో పిల్లల మనసు అలాగే ఉంటుంది. ఊళ్లో మొదటి ర్యాంకు తెచ్చుకుని వచ్చిన బిడ్డ, హాస్టల్లో అడుగు పెట్టగానే పక్క మంచం మీద ఇంకో ఊరి మొదటి ర్యాంకుని చూస్తుంది. తెలుగు మీడియం నుంచి వచ్చి ఉంటే, ఇంగ్లిష్ పాఠంలో సగం బోర్డు మీదే ఉండిపోతుంది. మొదటి సెమిస్టర్ మార్కులు తగ్గుతాయి. తగ్గని పిల్లలు తక్కువ. అప్పుడు ఇంటి నుంచి ఫోన్ వస్తుంది: "జాగ్రత్తమ్మా, స్కాలర్‌షిప్ పోతుంది." మనం భయంతో అంటాం. వాళ్లకి అది ఇంకోలా వినిపిస్తుంది. నేను మార్కులు తెస్తేనే ఇంటికి పనికొస్తాను అని వినిపిస్తుంది. ఆ మాట వాళ్లు మనతో అనరు. ఫోన్లు తగ్గిస్తారు, సెలవులకి రాకుండా ఉండటానికి సాకులు వెతుకుతారు, "బిజీగా ఉన్నా" అంటారు.

నిజానికి ఆ భయానికి అంత ఆస్కారం లేదు. సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ మరుసటి ఏడాది కొనసాగాలంటే కావలసింది 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు. ర్యాంకు కాదు. ఇంటర్‌లో 90 దాటిన బిడ్డ 65కి దిగితే మనసు నొచ్చుకుంటుంది గానీ స్కాలర్‌షిప్ పోదు. ఈ రెండు అంకెలు మనకి తెలిసి ఉంటే ఆ ఫోన్‌లో మాట మారుతుంది. "మార్కుల సంగతి తర్వాత, క్లాసులకి వెళుతున్నావా, తింటున్నావా" అని అడగగలం. హాజరు తగ్గడం మాత్రం నిజంగా పట్టించుకోవాల్సిన విషయం. స్కాలర్‌షిప్ కోసమే కాదు. క్లాసుకి వెళ్లడం మానేసిన బిడ్డ లోపల ఏదో మోస్తోందని అర్థం.

రాకపోతే ఏం చెప్పాలో కూడా ముందే అనుకుని ఉండాలి. అర్హత ఉన్నవాళ్లందరికీ రాదు. 82,000 పెద్ద అంకెలా కనిపిస్తుంది గానీ దేశం ఇంకా పెద్దది. మన బిడ్డకి రాకుండా ఎదురింటి పిల్లకి వస్తే, ఆ సాయంత్రం ఇంట్లో మనం ఎదురింటి ప్రస్తావన తేకుండా ఉండగలమా? కష్టమే. అయినా ఆ ఒక్క సాయంత్రం మన నోరు మన చేతిలో ఉండాలి.

వచ్చిన డబ్బు గురించి ఒక మాట, నొప్పించేదే అయినా. 12,000 అంటే నెలకి వెయ్యి. ఇంట్లో అప్పు ఉంటుంది, తమ్ముడి ఫీజు ఉంటుంది, ఆ డబ్బు తీసి వాడుకోవడం సహజంగా జరిగిపోతుంది. పిల్లలూ కాదనరు, పైగా ఇస్తామని వాళ్లే ముందుకొస్తారు. కానీ తన మార్కులతో తెచ్చుకున్న డబ్బుతో ఒక పుస్తకం కొనుక్కున్న పిల్ల ముఖం నేను చూశాను. తప్పనిసరై వాడుకోవాల్సి వస్తే అడిగి తీసుకోండి, ఎందుకో చెప్పి తీసుకోండి. అవసరం లేకపోతే అందులో కొంతైనా ఆ ఖాతాలోనే ఉండనివ్వండి.

దరఖాస్తు కూడా పిల్లల చేతే పెట్టించండి. మనం పక్కన కూర్చుని ఒక్కో కాగితం అందిద్దాం. తర్వాత పాస్‌పోర్టుకైనా, ఉద్యోగానికైనా వాళ్లే ఫారాలు నింపాలి. చదువుకోని అమ్మానాన్నలు "మాకు ఇవేం తెలుస్తాయి మేడమ్" అని వెనక్కి జరుగుతారు. మీరు పక్కన ఉండటమే వాళ్లకి కావాలి. సందేహం వస్తే కాలేజీలో స్కాలర్‌షిప్పులు చూసే నోడల్ ఆఫీసరు ఉంటారు. విభాగం ఆఫీసులో దాతల పేరు మీద పెట్టిన నగదు బహుమతులు, బంగారు పతకాల సంగతి కూడా అడిగి తెలుసుకోమనండి. అడగడం నామోషీ కాదని ముందు మనం నమ్మితే పిల్లలు నమ్ముతారు.

ఈసారి బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు నాలుగూ మంచం మీద పక్కపక్కన పరిచి, పేరు ఒక్కో అక్షరం కలిపి చదవండి. తేడా ఉంటే ఆ వారంలోనే సరిచేయించండి.