ఫ్రేముకి 33 మిల్లీసెకన్లు: కన్సోల్ ఆటల లెక్క

గేమింగ్ గురించి మాటలు మొదలైతే మనలో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది: “ఇంత డబ్బు పోసి కన్సోల్ కొంటే ఆట 30 ఫ్రేముల దగ్గరే ఎందుకు ఆగిపోతుంది?” డెవలపర్లకి చేతకాక అని కొందరంటారు, కన్సోల్‌లో దమ్ము లేక అని ఇంకొందరు. నాకైతే దీని వెనక రెండు విషయాలు కనిపిస్తాయి: ఒకటి లెక్క, రెండోది అమ్మకం.

ముందు లెక్క. సెకనుకి 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది 33.3 మిల్లీసెకన్లు. 60 అంటే 16.7 మాత్రమే. ఆలోపే మనం నొక్కిన బటన్ చదవాలి, శత్రువు ఎటు కదలాలో తేల్చాలి, ఫిజిక్స్ లెక్కలు కట్టాలి, వెలుగునీడలతో బొమ్మ గీయాలి. సినిమాకి ఈ తొందర లేదు. 2012లో వచ్చిన ‘ఈగ’కి గ్రాఫిక్స్ చేసింది మన హైదరాబాద్‌లోని మకుట సంస్థే. అలాంటి పనిలో ఒక్క ఫ్రేము రెండర్ కావడానికి గంటలు పట్టినా థియేటర్లో ప్రేక్షకుడికి తెలీదు. ఆటలో మాత్రం బొమ్మ అప్పటికప్పుడు పుట్టాలి.

పీసీ అయితే కొత్త గ్రాఫిక్స్ కార్డు వేసుకోవచ్చు. కన్సోల్‌లో ఆ వీలు లేదు. 2013లో వచ్చిన పీఎస్4లో జీపీయూ 1.84 టెరాఫ్లాప్స్‌ది. సీపీయూలో 8 జాగ్వార్ కోర్లున్నా వాటి వేగం 1.6 గిగాహెర్ట్జే. ఉదాహరణకి ఒక ఆటలో సీపీయూ పనికే 25 మిల్లీసెకన్లు పడితే, బొమ్మ నాణ్యత ఎంత తగ్గించినా 60 రాదు. పోనీ 40 దగ్గర ఆపొచ్చు కదా అంటే, మామూలు టీవీ సెకనుకి 60 సార్లు రిఫ్రెష్ అవుతుంది. 60ని 40 శేషం లేకుండా భాగించదు. ఒక ఫ్రేము ఒక రిఫ్రెష్ సేపు, ఇంకోటి రెండు రిఫ్రెష్‌ల సేపు నిలబడి కదలిక కుదుపుగా ఉంటుంది. అందుకే 60 అందకపోతే నేరుగా 30కి దిగుతారు. అప్పుడు జీపీయూకి మిగిలే సమయాన్ని నీడలు, ఆకులు, ప్రతిబింబాలు నింపేస్తాయి.

ఇక అమ్మకం. గ్రాఫిక్స్ అంటే పెళ్లిచూపుల్లో కనిపించే ముఖం, ఫ్రేమ్ రేట్ అంటే కాపురం చేశాక తెలిసే గుణం. పోస్టర్ మీదా, స్క్రీన్‌షాట్‌లోనూ గుణం కనిపించదు. యూట్యూబ్ కూడా 2014 దాకా 60 ఫ్రేముల వీడియో చూపించలేదు. 2009లో ఇన్సోమ్నియాక్ సంస్థ ఈ మాట దాచకుండా చెప్పింది: ఫ్రేమ్ రేట్ పెంచినందువల్ల రివ్యూ మార్కులు గానీ అమ్మకాలు గానీ పెరగట్లేదు, కాబట్టి ఇకపై తమ మొగ్గు గ్రాఫిక్స్ వైపే.

మరి ఆడేవాళ్లు ఏం కోరుకున్నారు? 2020లో పీఎస్5 వచ్చాక అదే ఇన్సోమ్నియాక్ ‘మైల్స్ మోరాలెస్’లో రెండు మోడ్లు ఇచ్చింది: అందం కావాలంటే 30, వేగం కావాలంటే 60. చాలా ఆటలు ఇదే దారి పట్టాయి. 2024లో పీఎస్5 ప్రోని పరిచయం చేస్తూ దాని లీడ్ ఆర్కిటెక్ట్ మార్క్ సెర్నీ చెప్పిందేంటంటే, ఎంచుకోమన్నప్పుడు దాదాపు నాలుగింట మూడొంతుల సార్లు ఆటగాళ్లు వేగం వైపే వెళ్తున్నారు. అంటే కొనేముందు కంటికి నచ్చేది వేరు, కొన్నాక చేతికి నచ్చేది వేరు.

ఇదంతా మనకెందుకు అంటారా? పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండిట్లోనూ ఉన్నవి ఏఎమ్‌డీ చిప్‌లు. ఆ సంస్థకి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కేంద్రం ఉంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కి ఇక్కడ స్టూడియో ఉంది. 2023లో దేశంలోని గేమ్ డెవలపర్ల సదస్సు ఐజీడీసీ జరిగింది మన మాదాపూర్ హెచ్‌ఐసీసీలోనే. రేపు మనలో కొందరు ఈ కారిడార్‌లోనే గేమింగ్ ఉద్యోగానికి వెళ్తారు. అప్పుడు మన పోర్ట్‌ఫోలియోలో ఏం ఉండాలి? స్క్రీన్‌షాట్లు అందరి దగ్గరా ఉంటాయి. యూనిటీలోనో అన్‌రియల్‌లోనో ఒక చిన్న సీన్ కట్టండి. ప్రొఫైలర్ తెరిచి ఫ్రేముకి ఎన్ని మిల్లీసెకన్లు పడుతున్నాయో, అందులో సీపీయూ వాటా ఎంతో, జీపీయూ వాటా ఎంతో రాసుకోండి. ఒక్కో నీడ తీసేస్తూ ఎంత మిగిలిందో మళ్లీ కొలవండి. ఆ పట్టికని స్క్రీన్‌షాట్ పక్కనే పెట్టండి. ఏది ఉంచారో, ఏది వదిలేశారో, ఎందుకో ఇంటర్వ్యూలో మీరు చెప్పగలిగితే, బడ్జెట్‌లో బొమ్మ గీయడం మీకు తెలుసని ఎదుటివాళ్లకి అర్థమవుతుంది.