ఉచితముగా దొరికిన మందును మ్రింగాలి గదా!

(కృప – క్రియగల విశ్వాసము: కుటుంబ బైబిలు పాఠము)

చదువవలసిన భాగములు: 2 రాజులు 5:1–16, ఎఫెసీ 2:8–10, యాకోబు 2:14–26



రోగుల మంచాల ప్రక్కన కూర్చున్నప్పుడు రెండు రకాల మాటలు మేము తరచుగా వింటూ ఉంటాము. "ఫిబ్రవరి తిరునాళ్ళకు గుణదల కొండ ఎక్కాము, తలనీలాలు ఇచ్చాము, కొవ్వొత్తులు వెలిగించాము. అయినా జబ్బు తగ్గలేదు. ఇంకా ఏమి చేస్తే దేవుడు కరుణిస్తాడండీ?" అని కొందరు అడుగుతారు. "ప్రార్థన చేయించుకున్నాము. ఇక దేవుడే చూసుకుంటాడని మందులు మానేశాము" అని మరికొందరు చెబుతారు.

మొదటివారు కృపను కొనాలని చూస్తున్నారు. రెండవవారు కృప దొరికింది గనుక మనము చేయవలసినది ఏమీ లేదనుకుంటున్నారు. రక్షణ విషయములో కూడా మనము ఈ రెండు పొరపాట్లే చేస్తాము. వీటికి జవాబు నయమాను కథలో ఉన్నది.

1. నయమాను ఏమీ చెల్లించలేదు

నయమాను సిరియా సైన్యాధిపతి. కుష్ఠుతో బాధపడుతున్నాడు. చెరపట్టి తెచ్చిన ఒక చిన్న ఇశ్రాయేలు పిల్ల చెప్పిన మాట విని, వెండి, బంగారము, పది జతల బట్టలు తీసుకొని ప్రవక్త ఇంటికి వచ్చాడు. నయమైన తరువాత కానుక పుచ్చుకొమ్మని ఎంత బ్రతిమాలినా ఎలీషా ఏమీ తీసుకొనలేదు. దేవుడు ఇచ్చినదానికి ధర లేదు. ఎఫెసీయులకు పౌలు వ్రాసినది కూడా ఇదే: రక్షణ దేవుని వరము, మన క్రియలకు కూలి కాదు, కనుక ఎవరూ అతిశయపడరాదు.

1924లో ఫాదర్ ఆర్లాటి గుణదలలో లూర్దుమాత స్వరూపమును నిలిపిన నాటి నుండి లక్షలాదిమంది ఆ కొండ ఎక్కారు. కృతజ్ఞతతో ఎక్కిన మెట్టు మంచిదే. కాని మొక్కు దేవునితో బేరము కాదు. బిడ్డ తల్లికి పువ్వు తెచ్చి ఇస్తుంది. అది తల్లిపాలకు వెల కాదు గదా!

(ఒక మాట: నేడు కుష్ఠు మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బు. అది శాపము కాదు. మచ్చలలో స్పర్శ తెలియకపోతే వెంటనే డాక్టరుకు చూపించండి.)

2. అయినా నీటిలో దిగాడు

యొర్దానులో ఏడుసార్లు మునుగుమంటే నయమానుకు కోపము వచ్చింది. దమస్కు నదులు ఇంతకంటే మంచివి కావా అని వెనుదిరిగాడు. సేవకులు నచ్చజెప్పిన తరువాత దిగి మునిగాడు, శుద్ధుడయ్యాడు. ప్రవక్త మాట నిజమని నమ్ముతున్నానంటూ ఒడ్డునే నిలబడి ఉంటే అది నమ్మకము అవుతుందా? క్రియలు లేని విశ్వాసము ప్రాణము లేని శరీరము వంటిదని యాకోబు చెప్పినది ఇందుకే.

క్షయ రోగిని చూడండి. ప్రభుత్వ కార్యక్రమము క్రింద మందులు ఉచితముగా ఇస్తారు. సాధారణ క్షయకు ఆరు నెలలు వాడాలి. కొద్ది వారాలలోనే దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. అప్పుడు మందు మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగకుండా మొండికెత్తవచ్చు. రోజూ బిళ్ళ మ్రింగిన రోగి "ఈ మందు నేను కొన్నాను" అనడు. "నేనే తయారుచేసుకున్నాను" అని అసలే అనడు. మ్రింగడము వెల చెల్లించడము కాదు, పుచ్చుకోవడము.

మన డెల్టా రైతుకు ఇది బాగా తెలుసు. ప్రకాశం బ్యారేజీ నుండి కాలువలకు నీరు వదిలేది రైతు కాదు. కాని తన బోదెలో గుర్రపుడెక్క, పూడిక తీయకపోతే ఆ నీరు చేలోకి ఎక్కదు. ఫిలిప్పీ 2:12, 13లో పౌలు ఈ రెండింటిని కలిపే చెప్పాడు: మీరు మీ రక్షణ విషయములో శ్రద్ధగా పాటుపడండి, ఎందుకంటే మీలో పనిచేసేది దేవుడే.

3. ఏరు దాటితే వేరే బోధా?

మన ఇళ్ళలో ఒకరు ఆర్.సి.ఎం., ఒకరు లూథరన్ అయితే పెండ్లిళ్ళలో ఈ వాదన వస్తుంది: "మీవారు క్రియలతో రక్షణ అంటారు, మావారు విశ్వాసముతోనే అంటారు." ఒకరు "వరప్రసాదము" అనేదే మరొకరు "కృప" అంటారు. దాదాపు అయిదు వందల ఏండ్ల నాటి ఈ వివాదముపై 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణములో కతోలిక సభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఒక ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. 2006లో మెథడిస్టులు కూడా దానితో ఏకీభవించారు. దేవుడు మనలను అంగీకరించేది మన యోగ్యతను బట్టి కాదు, క్రీస్తునందలి విశ్వాసము ద్వారా కేవలము కృపచేతనే. ఆ కృపే మనలను మార్చి సత్క్రియలకు పంపుతుంది. దాని సారాంశము ఇది. అన్ని భేదాలు తీరలేదు గాని, ఈ పునాది మాట ఇద్దరిదీ.

ఏటి ఆవలి గుంటూరులో దీనికి సాక్ష్యమున్నది. లూథరన్ మిషను డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో వచ్చారు, 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు, 1930లో గుంటూరులోనే మరణించారు. క్రియలతో రక్షణ రాదని బోధించే సభ ఆమెది. అయినా జీవితమంతా రోగుల సేవలో గడిపారు. కృప ఆమె చేతులను ఖాళీగా ఉంచలేదు.

4. ఏమీ చేయలేనివారి సంగతి?

పక్షవాతముతో పడివున్న తల్లి, మాట పడిపోయిన తండ్రి ఏ క్రియ చేయగలరు? సిలువపై ఉన్న దొంగకు చేతులు, కాళ్ళు కదల్చే వీలు లేదు. తన్ను జ్ఞాపకము చేసుకొమ్మని మాత్రమే అడిగాడు. ప్రభువుకు అది చాలినది. మార్కు 2లోని రోగిని నలుగురు మోసుకొని వచ్చారు, యేసు వారి విశ్వాసమును చూశాడు. ఇంట్లో మంచాన ఉన్నవారికి వేళకు మందు వేయడము, ప్రక్క మార్చడము, పుండ్లు పడకుండా చూడడము మీ విశ్వాసము చేసే పనులే.

జబ్బు తగ్గకపోవడము అవిశ్వాసమునకు గుర్తు కాదు. పౌలు శరీరములోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకొన్నాడు. అది తొలగలేదు. నా కృప నీకు చాలునన్న జవాబు మాత్రము దొరికింది. కనుక బాగుకాని రోగిని "నీకు విశ్వాసము చాలలేదు" అని ఎవరూ నొప్పించవద్దు.

కుటుంబముగా ఆలోచించుటకు:

1. మనము దేవునికి ఇచ్చేది కృతజ్ఞతా, బేరమా?
2. డాక్టరును అడగకుండా మానేసిన మందు మన ఇంట్లో ఏదైనా ఉన్నదా?
3. ఈ వారము ఎవరి మంచమునకు మనము ఒక ప్రక్క భుజము పట్టగలము?

ప్రార్థన: తండ్రీ, మేము కొనలేని దానిని ఉచితముగా ఇచ్చావు. దానిని చేతులు చాపి పుచ్చుకొనే విశ్వాసమును, పుచ్చుకొన్న చేతులతో ఇతరులకు సేవచేసే మనస్సును మాకు దయచేయుము. ఆమేన్.