పాత పందెపు కారు: ఇంజను వేడిని అదుపులో నుంచుట

మన పెరంబూరు యంత్రములతో పెరిగిన ఊరు. 1856లో రైలుయింజనుల వర్కుషాపును, 1955లో ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీయు ఇచ్చట వెలసినవి. ఈ ఊరి పిల్లలకు స్పానరు కొత్త వస్తువు కాదు. పెద్ద తరగతుల పిల్లలును, చదువు ముగించిన యువకులును పాత కార్లను బాగుచేయుటయందు ఆసక్తి చూపుచున్నారు. ఇది వృథా కాలక్షేపమని కొందరు తల్లిదండ్రులు తలంతురు. మేమట్లు తలంపము. ఇంజను వేడి యను ఒక్క విషయమునందే భౌతికశాస్త్రపు పాఠములు పెక్కులు ఇమిడియున్నవి. అయితే తెలియక చేసిన మార్పువలన దొరకని ఇంజను పగులవచ్చును, మరుగునీరు చిమ్మి ముఖము కాలవచ్చును. కావున ఈ పాఠమును పిల్లలతో కలిసి చదువవలసినదిగా కోరుచున్నాము.

మన ప్రాంతపు పందెపు కార్లు

1953లో మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బు ఏర్పడినది. నెల్లూరు పోవు బాటలో, రెడ్‌హిల్సునకు ఆవల, షోలవరమునందున్న పాత విమానముల రన్‌వేపై ఆ క్లబ్బువారు చాలకాలము పందెములు నడిపిరి. 1990లో ఇరుంగాట్టుకోట్టైయందు ప్రత్యేకమైన పందెపు బాట ఏర్పడినది. షోలవరమున పరుగెత్తిన కార్లలో స్టాండర్డు హెరాల్డు ఒకటి. మన నగరపు పొలిమేరలోని వండలూరున 1961 మొదలు ఇది తయారైనది. దాని ఇంజను పరిమాణము 948 ఘనసెంటీమీటర్లు. ఇంగ్లండులో ఆ ఇంజనునే 1147 ఘనసెంటీమీటర్లకు పెంచి, రెండు కార్బురేటర్లు అమర్చి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్సు కారును వెలువరించిరి. నేటి యువకులు పాత బండ్లలో చేయగోరునదియు ఇట్టిదే: సిలిండరును తొలిపించుట, కంప్రెషను పెంచుట, కార్బురేటర్లను మార్చుట.

వేడి లెక్క

పెట్రోలు మండగా పుట్టు వేడిని స్థూలముగా మూడు పాళ్లుగా తలపవచ్చును. ఒక పాలు బండిని నడుపును. ఒక పాలు పొగగొట్టము వెంట పోవును. మూడవ పాలు సిలిండరు గోడలనుండి నీటికిని, నీటినుండి రేడియేటరునకును, రేడియేటరునుండి గాలికిని చేరును. కావున శక్తిని పెంచువాడు వేడినికూడ పెంచుచున్నాడు. ఇంజను బలము పెరిగి రేడియేటరు పాతదే యైనచో, వేడి పోవు దారి చాలదు. కర్తరి దినములలో చెన్నపట్టణపు ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఈ లోటు బయటపడును. గాలికిని నీటికిని వేడియందు భేదము తగ్గినకొలది రేడియేటరు విడుచు వేడియు తగ్గును గదా!

మొదట కారణమును కనుగొనవలెను

ఇంజను వేడెక్కగానే పెద్ద రేడియేటరు కొనుట తగదు. ఎప్పుడు వేడెక్కుచున్నదో గమనింపవలెను.

(1) బండి సందడిలో నిలిచినప్పుడు వేడెక్కి, పరుగెత్తునప్పుడు చల్లబడినచో, లోపము గాలియందున్నది. ఫ్యానునో, దాని బెల్టునో పరీక్షింపవలెను. ఫ్యాను చుట్టు రేకు తొడుగు లేనిచో, అది రేడియేటరు గుండ గాలిని లాగక, చుట్టునున్న గాలినే త్రిప్పుచుండును.

(2) నిలిచినప్పుడు బాగుండి, వేగమున వేడెక్కినచో, నీటి ప్రవాహమును చూడవలెను. రేడియేటరు గొట్టములు పూడియుండవచ్చును, నీటిపంపు అరిగియుండవచ్చును, క్రింది రబ్బరు గొట్టము లోనికి అణగి దారి మూయుచుండవచ్చును. పెట్రోలు పాలు తక్కువైనను, స్పార్కు ఆలస్యముగా పడినను వేడి హెచ్చును. కార్బురేటరు మార్చినవారు ఈ రెండింటిని తప్పక సరిచూడవలెను.

(3) బయలుదేరిన కొలదిసేపటికే వేడెక్కి, రేడియేటరు నీటిలో బుడగలు వచ్చుచున్నచో, సిలిండరు హెడ్డు గాస్కెట్టు చెడియుండవచ్చును. అట్టి బండిని నడుపరాదు.

నీరు, మూత, థర్మోస్టాటు

బోరునీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టుట ఇల్లాండ్రెల్లరు చూచినదే. ఇంజను లోపలను అదియే జరుగును. ఆవిరియంత్రముల కాలమున బాయిలరు గొట్టములపై ఇట్టి పొర కట్టినచో బొగ్గు వ్యర్థమగుటయు, గొట్టములు కాలి చెడుటయు జరిగెడిది. కావున రేడియేటరులో డిస్టిల్డు వాటరే పోయవలెను. మన ఊరిలో నీరు గడ్డకట్టదు గనుక గ్లైకాల్ అవసరము లేదని కొందరందురు. వట్టి నీరు గ్లైకాల్ మిశ్రమము కంటె ఎక్కువ వేడిని మోయునన్నది నిజమే. కాని త్రుప్పును ఆపు మందు ఏదో ఒకటి అందులో ఉండి తీరవలెను. గ్లైకాల్ తియ్యగానుండు విషము. దానిని పసిపిల్లలకు అందనీయరాదు.

రేడియేటరు మూత ప్రెషరు కుక్కరు వంటిది. చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడిని నిలుపు మూత యున్నచో నీరు 100కు బదులు సుమారు 111 డిగ్రీలకు మరుగును. అయితే తక్కువ ఒత్తిడికై టంకము వేసిన పాత రేడియేటరునకు గట్టి మూత పెట్టినచో అతుకులు విడిపోవును.

వేడెక్కినంతనే థర్మోస్టాటును తీసి పారవేయుట మెకానిక్కులలో కొందరి వాడుక. ఇది లోపమును దాచుటయే గాని తీర్చుట కాదు. ఇంజను తగిన వేడికి రాకున్నచో త్వరగా అరిగిపోవును. థర్మోస్టాటును గిన్నెడు నీటిలో వ్రేలాడగట్టి, థర్మామీటరు ఉంచి కాచినచో, దానిపై చెక్కిన డిగ్రీలకు దగ్గరగా తెరచుకొనవలెను. ఈ ప్రయోగమును పిల్లలు పెద్దల ఎదుట ఇంటనే చేయవచ్చును.

ఇవన్నియు సరియైయుండియు వేడి తగ్గనిచో, అప్పుడు ఎక్కువ వరుసల రేడియేటరును, నూనె చల్లబరచు కూలరును, కరెంటు ఫ్యానును ఆలోచింపవచ్చును. పాత డైనమో కరెంటు ఫ్యాను బరువును మోయగలదో లేదో ముందుగా లెక్క చూచుకొనవలెను.

తప్పరాని జాగ్రత్తలు

వేడి ఇంజనుపై రేడియేటరు మూత తెరువరాదు. ఒత్తిడి పోయినంతనే నీరు ఒక్కసారిగా మరిగి చిమ్మును. బండిని ప్రక్కకు తీసి, ఇంజను ఆపి, చేతితో తాకగలిగినంత చల్లారువరకు ఆగవలెను. కాలిన ఇంజనులో చల్లని నీరు పోసినచో పోత ఇనుము పగులవచ్చును. ఈ బండ్లు తయారగుట ఎన్నడో ఆగిపోయినది. పగిలిన హెడ్డునకు మారు హెడ్డు సులభముగా దొరకదు.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. మీ బిడ్డ కారు పని యందు ఆసక్తి చూపినచో అడ్డుపెట్టకుడు. ఒక మంచి ఉష్ణమాపకమును, ఒక నోటుపుస్తకమును ఇప్పింపుడు. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేసి, ముందు ఎన్ని డిగ్రీలు, తరువాత ఎన్ని డిగ్రీలు అని వ్రాయుమనుడు. వ్రాసిన లెక్కను మీకు చదివి వినిపింపుమనుడు. ఇట్లు కారణము వెదకుట నేర్చిన పిల్లవాడు రేపు ఏ వర్కుషాపున చేరినను, ఏ కళాశాలలో చదివినను వెనుకబడడని మా నమ్మకము.