వరదవేళకు సిద్ధపు సంచి

2023 జూలై 27 వేకువజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచెత్తినది. జనులు ఇండ్ల కప్పులపై, చెట్లపై నిలిచి సహాయమునకై ఎదురుచూచిరి. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రముల నడుమ రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయినది. దారులు తెగినప్పుడు సాయము ఆలస్యమగును. ఆ గడియలకు చేతిసంచియే ఆధారము.

అందు ఉంచదగినవి: నీరు చొరని పాలిథిన్ కవరులో సర్టిఫికెట్లు, ఆధార్, పట్టాదారు పుస్తకము, టార్చి, విడి బ్యాటరీలు, త్రాగునీరు, అటుకులు, బెల్లము, పెద్దల నిత్యౌషధములు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు, త్రాడు, ఈల. కేక చేరని దూరమునకు ఈల చేరును.

జనగామ మొదలు భూపాలపల్లి వరకు గల విద్యార్థులమైన మనము ఈ సంచిని తొలకరికి ముందే సిద్ధపరచి, వాకిలి చెంత ఎత్తున తగిలించవలెను. నీరు ఇంట చొచ్చిన పిదప దానికై వెనుదిరుగరాదు. ప్రాణముకన్న పత్రము గొప్పది కాదు.