రాత్రే సగం వంట, చెల్లీ!

ఏమ్మా చెల్లీ, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరి, గడపలోనే చతికిలబడి "ఇప్పుడేటి వండను అప్పా" అంటున్నావా? అనవూ మరి! పొద్దు పొడవకముందే టిఫిన్ డబ్బా సర్దుకుని జీడి ఫ్యాక్టరీకి పరిగెత్తావు. పిక్కలు కొట్టినా, పప్పు మీద పొట్టు ఒలిచినా కూలి కిలోల లెక్కనే కాబట్టి మధ్యలో నడుం వాల్చేదీ లేదు. పలాస, కాశీబుగ్గల్లో వీధి వీధికీ ఇలాంటి ఇళ్ళే. వచ్చేటప్పుడు దారిలో కొట్టు కనబడుతుంది, నూడుల్స్ ప్యాకెట్లు వేలాడుతుంటాయి, పిల్లలకి ప్రాణం. తెచ్చావని నిన్ను తిట్టను. ఎప్పుడో ఓ రోజు తింటే కొంపలేం మునగవు. రోజూ తెస్తేనే నాకు బెంగ. అందులోని మసాలా పొట్లం చూశావూ, దాన్నిండా ఉప్పే. ఉప్పు గురించి నీతో చాలా మాట్లాడాలి, కాస్త ఆగు.

ముందు పొయ్యి సంగతి. గబగబా అయిపోయే వంటంతా వంట చేసేటప్పుడు అవదు, ముందు రాత్రే సగం అవుతుంది. మన అమ్మమ్మలకి గ్యాసు లేదు, మిక్సీ లేదు. అయినా కోడి కూసేసరికి పొలానికి వెళ్ళే మగవాళ్ళకి, మడికెళ్ళే తమకి కడుపు నిండా పెట్టుకున్నారు. ఎలాగ? పడుకోబోయే ముందు కుండలో గంజినీళ్ళు పోసి అన్నం మునగబెట్టారు, చోడిపిండి కలిపి మూతపెట్టారు. తెల్లారేసరికి దాని పని అది చేసుకునేది.

చోడి అంబలి ఈ రోజుల్లో పట్నాల్లో పెద్ద గొప్ప. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మరీను, గ్లాసులో పోసి రేటు కట్టి అమ్ముతున్నారు. నీ ఇంట్లో డబ్బాలో ఉన్న పిండే కదా అది! రాత్రి నాలుగు చెంచాల పిండి గ్లాసుడు నీళ్ళలో ఉండల్లేకుండా జారుగా కలిపి ఓ మూల పెట్టెయ్. మన ఉక్కపోతకి తెల్లారేసరికి సన్నగా పులిసి, మూత తీస్తే పులుపు వాసన ముక్కుకి తగులుతుంది. పొద్దున్న గుప్పెడు బియ్యం నూకలు ఉడకేసి, మెతుకు మెత్తబడగానే ఆ పిండినీళ్ళు పోస్తూ రెండో చేత్తో కలుపుతూనే ఉండు. చెయ్యి ఆపావో, అడుగంటుతుంది. తెల్లగా ఉన్నది గోధుమరంగుకి తిరిగి, గరిటె ఎత్తితే దారంలా కాకుండా బొట్లు బొట్లుగా బరువుగా పడుతుంటే అయిపోయినట్టు. చల్లారాక మజ్జిగ పొయ్యి. పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. అంతా కలిపి పావుగంట, అందులోనూ నువ్వు పొయ్యి దగ్గర నిలబడేది సగం సేపే.

100 గ్రాముల చోళ్ళలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. అంతే పాలల్లో ఉండేది 120. ఇది విని ఎగిరి గంతేయకు. అంబలిలో పడేది నాలుగు చెంచాల పిండే, లెక్క అలాగే వేసుకోవాలి. అయినా నీలాగ రోజంతా కూర్చుని వంగి పనిచేసే మనిషికి టీ, రెండు బిస్కెట్ల కన్నా ఇది ఎన్ని రెట్లు నయమో నేను చెప్పక్కర్లేదు, పదకొండు గంటలకి నీ కడుపే చెబుతుంది.

ఇక రాత్రి భోజనం. నన్నడిగితే ఒక్క గిన్నె వంటే దిక్కు. ఇచ్ఛాపురం, కవిటి వైపు మన ఇరుగుపొరుగు ఒడియా వాళ్ళిళ్ళలో దాల్మా తిన్నావు కదా? పూరీ జగన్నాథుడికి నైవేద్యం పెట్టే పప్పు. మన పప్పు కూరకి అప్పచెల్లెలే గానీ, పని తక్కువ. కందిపప్పో, పెసరపప్పో గ్లాసుడు. దాంతోపాటు ఇంట్లో ఏముంటే అది: గుమ్మడి ముక్క, అరటికాయ, పచ్చి బొప్పాయి, వంకాయ, నాలుగు మునక్కాడలు. పసుపు, అల్లం ముక్క వేసి కుక్కర్లో పెట్టేసి నువ్వు స్నానానికి వెళ్ళిపో. వచ్చేసరికి ఉడికి ఉంటుంది. జీలకర్ర, ఎండుమిరపకాయ నూనె లేకుండా దోరగా వేయించి చిదిమి పైన చల్లి, చారెడు కొబ్బరికోరు వెయ్యి. చెంచాడు నేతితో పోపు పెట్టుకుంటే పెట్టుకో, లేకపోయినా వెలితి ఉండదు. ఆ వేయించిన జీలకర్ర గుండ ఆదివారం ఓ సీసాడు చేసి పెట్టుకున్నావంటే వారమంతా వస్తుంది. కూర వేరే, పప్పు వేరే, పులుసు వేరే వండాలని మనకి ఎవరు శాపం పెట్టారో గానీ, పనికెళ్ళే ఆడదానికి అది మోయలేని శాపం. అత్తగారు మూతి విరిస్తే మొదటి ముద్ద ఆవిడకే పెట్టు.

కొబ్బరి మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరం దాటిన రోజు ఎన్ని చెట్లు నేలకూలాయో నీకు తెలుసు. మొక్క నాటితే కాపుకి ఏళ్ళు పడుతుంది. అందుకే ఇప్పుడు పెరట్లో కాయ దొరికిన ఇల్లు అదృష్టం చేసుకున్నట్టే. ముదురు కాయ పగలగొట్టినప్పుడు మొత్తం కోరేసి, వాడగా మిగిలింది ఫ్రిజ్‌లో పడెయ్. తరిగిన ఆనపకాయలో గుప్పెడు వేస్తే దానికి వేరే మసాలా అక్కర్లేదు.

మార్చి నుంచి మే దాకా మనకో భాగ్యం ఉంది, పచ్చి జీడిపప్పు. ఊళ్ళో ఉంటే తోటలోంచి తెచ్చుకుంటావు, లేదంటే బజార్లో ఒలిచిందే కొనుక్కో, అదే మేలు. ఒలవడం నీకు నేర్పక్కర్లేదు గానీ, పట్నం కోడళ్ళకి చెప్పు: పచ్చి పిక్క కోస్తే వచ్చే జీడి చర్మం ఊడదీస్తుంది, చేతులకి నూనె రాసుకోకుండా ముట్టొద్దు. ఒలిచిన పప్పు గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే పైపొర వేలితో తోస్తే జారిపోతుంది. లోపల లేత మీగడ రంగు గింజ, పంటి కింద లేత కొబ్బరిలా ఉంటుంది. ఉల్లిపాయ, టమాటా మగ్గాక వేసి మూతపెడితే పది నిమిషాలు చాలు. వంకాయతో అయితే ముందు వంకాయ మెత్తబడనిచ్చి ఆఖరున వెయ్యి. ఇందులో గరం మసాలా వేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మిగతా నెలల్లో ఎండుపప్పు ఉంది. ఫ్యాక్టరీలో నువ్వే 240, 320 అని నంబర్లు చూస్తుంటావు కదా, పౌనుకి ఎన్ని గింజలు తూగితే అదీ నంబరు. గింజ పెద్దదైతే నంబరు చిన్నది, ధర పెద్దది. తినే నోటికి నంబరుతో పనేముంది? బద్దో, ముక్కో చవగ్గా దొరికింది తెచ్చి, అరగంట వేడినీళ్ళలో నానేసి రుబ్బు. ఏ కూరైనా చిక్కబడుతుంది. పిల్లలకి మాంసకృత్తులు అందుతాయి. మరీ ధారాళంగా మాత్రం వద్దు, 100 గ్రాముల పప్పులో 550 కేలరీల పైమాటే. 80 కిలోల బస్తా లెక్కన పిక్కలు అమ్ముకునే రైతుకి గిట్టుబాటు ధర లేదు, ఒలిచే నీకు కూలి చాలదు, అదే పప్పు డబ్బాలో పెట్టేసరికి బంగారం. సరే, ఆ గొడవ ఇంకో నెల మాట్లాడుకుందాం.

చేపలు చూడు, వాటికన్నా తొందరగా ఉడికేవి ఏవున్నాయి? పచ్చి నెత్తళ్ళు తలలు గిల్లేసి, రెండుసార్లు కడిగి, పుల్ల మామిడికాయ ముక్కలు ఉడుకుతున్న పులుసులో జారవిడిస్తే అన్నం వార్చేలోగా కూర సిద్ధం. ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి కాల్షియం ఉత్తినే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మామిడికాయ దొరికే రోజులకి చేప దొరకదు! అప్పుడిక ఎండు చేపలే గతి. ఇక్కడే నా ఉప్పు గోల మొదలవుతుంది.

పెద్దవాళ్ళలో ఒక్కొక్కరికి రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూరలోది, పచ్చట్లోది, అప్పడంలోది, మజ్జిగలోది అన్నీ కలిపి. నలుగురున్న ఇంట్లో ఉప్పు డబ్బా నెలకెంత ఖాళీ అవుతోందో ఓసారి చూసుకో, గుండె ఝల్లుమంటుంది. ప్యాకెట్టుని తిట్టి ఆవకాయని ముద్దు చేస్తే న్యాయం కాదు, రెండూ ఒకే తాను ముక్కలే. ఎండు చేపలు వండేటప్పుడు వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఓసారి అలాగే చేసి, అప్పుడు వండు. కూరలో వేరే ఉప్పు రుచి చూశాకే. పులుపు ఎక్కువైతే ఉప్పు తక్కువైనా నాలుక గుర్తుపట్టదు. చింతపండు, మామిడికాయ, నిమ్మకాయ ఉన్నది అందుకే అనుకో.

ఎందుకింత గింజుకుంటున్నానంటే, మనది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, ఈ ఏడు మండలాల్లో మూత్రపిండాల జబ్బుతో మంచాన పడ్డ మనిషిని ఎరగని వీధి ఉందా? కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్ళన్నారు, ఎండన్నారు, మందులన్నారు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో నీళ్ళు తెచ్చే పథకమూ ఆ రోజే. పెద్ద పనులు పెద్దవాళ్ళు చేస్తారు, గరిటె మాత్రం మన చేతిలో ఉంది.

ఇంట్లో జబ్బు మనిషి ఉంటే నేను పైన పొగిడినవన్నీ అలాగే పెట్టెయ్యకు. వాళ్ళకి ఏవి మంచివో, ఏవి కావో వేరే లెక్క. కొబ్బరినీళ్ళు చలవ అని పోస్తాం, అందులో పొటాషియం ఎక్కువ, దెబ్బతిన్న మూత్రపిండం దాన్ని బయటికి నెట్టలేదు. చోళ్ళు, జీడిపప్పు, పప్పు ఎంత పెట్టాలో డాక్టరు రక్తపరీక్ష చూసి చెప్పాలి. 'సోడియం తక్కువ ఉప్పు' అని అమ్మే వాటిల్లో పొటాషియం కలుస్తుంది, వాళ్ళకి అది ముప్పు. కూరగాయ ముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, నీళ్ళు వార్చేస్తే పొటాషియం కొంత పోతుంది. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి తాగే నీళ్ళకీ కొలత ఉంటుంది. నీకు మాత్రం అలా కాదు, ఆ వేడిలో పనిచేస్తూ నీళ్ళు తాగకుండా ఉండకు. నడుం నొప్పని మందుల కొట్లో అడిగి మాత్రలు మింగడం ఇవాళే మానెయ్, అవి మూత్రపిండాలకి చేటు.

రెండు వంటలు చేసే ఓపిక ఎక్కడిదంటావా? అక్కర్లేదు. దాల్మాలోనైనా, ఆనపకాయలోనైనా ముక్కలు ఉడికాక, ఉప్పు వెయ్యకముందు వాళ్ళ వాటా చిన్న గిన్నెలోకి తీసెయ్. వాళ్ళకి సరిపడేలా నిమ్మరసమో, కొత్తిమీరో, ఆ జీలకర్ర గుండో వెయ్యి. మిగతా దాంట్లో ఇంటిల్లిపాదికీ ఉప్పు కలుపుకో. మామగారికి ఉప్పులేని కూర చూసి చిరాకు వస్తే, వారం పది రోజులు పట్టుదల పట్టు. నాలుక అలవాటు పడుతుంది.

ఒక్కటి అడుగుతాను, నీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పు. రాత్రి పిండి కలపడం, పప్పు నానెయ్యడం, కొబ్బరి కోరడం, వీటిల్లో దేనికి ఆడదాని చెయ్యే కావాలి? మరిదిగారు సెల్లు పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంటారు కదా. కొబ్బరి కోరేది ఆయన పక్కన పెట్టిరా. నేను చెప్పానను.