ఉపగ్రహం నుండి ఉపన్యాస మందిరానికి

నల్లబల్ల, సుద్దముక్క, పాఠ్యగ్రంథం - ఈ మూడింటి సహాయంతోనే మన కళాశాలలలో బోధన చిరకాలం సాగింది. పిమ్మట రేడియో, టెలివిజన్, కంప్యూటరు, సెల్‌ఫోను ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. కొత్త సాధనం వచ్చినప్పుడల్లా విద్యారంగం సమూలంగా మారిపోతుందని ఆశపడటం, కొన్నాళ్ళకు ఆ యంత్రం ఏదో ఒక గదిలో దుమ్ము పట్టి మూలపడటం మనకు కొత్త కాదు. ఈ వైఫల్యానికి కారణం యంత్రమా, లేక దానిని వాడవలసిన మనిషికి తగిన తర్ఫీదు లేకపోవడమా? ఈ విషయాన్ని విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తొలి ప్రయత్నాలు

ఉపగ్రహం ద్వారా విద్యను ప్రజల ముంగిటికి చేర్చే ప్రయత్నం మన దేశంలో 1975 ఆగస్టు 1న ప్రారంభమైంది. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం పాటు వినియోగించుకొని, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలను ప్రసారం చేశారు. దీనినే 'సైట్' ప్రయోగం అంటారు. వ్యవసాయం, ఆరోగ్యం, బాలల విద్య అందులో ప్రధానాంశాలు. అయితే మనం ముఖ్యంగా గమనించవలసినది మరొకటి ఉంది. ఆ సంవత్సరంలోనే సుమారు 50 వేల మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇవ్వడానికి కూడా ఆ ఉపగ్రహాన్ని వాడుకున్నారు. విద్యార్థికి పాఠం చేరితే చాలదు, ఉపాధ్యాయుడు కూడా నేర్చుకోవాలి అన్న సత్యాన్ని ఆనాటి నిర్వాహకులు గ్రహించారు.

1982లో హైదరాబాదులో స్థాపితమైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. నేడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరిట కొనసాగుతున్నది. 1984 ఆగస్టు 15 నుండి విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం వారు దూరదర్శన్‌లో కళాశాల విద్యార్థుల కోసం పాఠాలను ప్రసారం చేయించారు. ఆ పాఠాలు చాలావరకు ఆంగ్లంలోనే ఉండేవి.

మన తీరం నుండి ఎగసిన విద్యా ఉపగ్రహం

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోట దీవి చిరకాలం నెల్లూరు జిల్లాలో భాగంగా ఉండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. అక్కడి నుండి 2004 సెప్టెంబరు 20న జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు 'ఎడ్యుశాట్' అనే ఉపగ్రహాన్ని ఆకాశంలోకి చేర్చింది. 1,950 కిలోల బరువు గల ఈ ఉపగ్రహం, కేవలం విద్యావసరాల కోసమే మన దేశం నిర్మించుకున్న మొట్టమొదటిది. ప్రపంచం దృష్టిని ఆకర్షించిన ఆ ఘట్టానికి మన సముద్రతీరమే వేదిక కావడం మనందరికీ గర్వకారణం.

దీని పనితీరు తెలుసుకోదగినది. ఒక పట్టణంలోని స్టూడియోలో ఆచార్యుడు పాఠం చెబుతాడు. ఆ దృశ్యమూ ధ్వనీ సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి చేరి, అక్కడి నుండి వందలాది కళాశాలల డిష్ యాంటెన్నాలకు తిరిగి వస్తాయి. పోవడానికీ రావడానికీ కలిపి దాదాపు పావు సెకను పడుతుంది. కొన్ని కేంద్రాలలో విద్యార్థి తిరిగి ప్రశ్న అడిగే సౌకర్యం కూడా ఉండేది. కాని విద్యుత్తరంగం పావు సెకనులో దాటిన దూరాన్ని విద్యార్థి బిడియం అంత సులభంగా దాటగలదా? ముఖపరిచయం లేని ఆచార్యుని ప్రశ్నించడానికి మన పల్లెటూరి విద్యార్థి జంకుతాడు. అతని వెన్ను తట్టి, సందేహాన్ని మాటలలో పెట్టించి, ప్రసారం ముగిసిన పిమ్మట మరొకమారు విడమరచి చెప్పవలసినవాడు గదిలో ఉన్న అధ్యాపకుడే.

ఏడేండ్లు పనిచేయగలదని భావించిన ఎడ్యుశాట్ సేవలు 2010తో ముగిశాయి. ఈ పథకాన్ని పరిశీలించిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, భూమి మీది కేంద్రాల ఏర్పాటులో జాప్యాన్నీ, పాఠ్యాంశాల తయారీలో కొరతనూ 2013 నాటి నివేదికలో ఎత్తిచూపారు. ఆకాశంలో జరగవలసినది జరిగింది. నేల మీద జరగవలసినదే వెనుకబడింది.

అధ్యాపకుల శిక్షణా సంస్థలు

1986 జాతీయ విద్యావిధానం ననుసరించి దేశంలోని పలు విశ్వవిద్యాలయాలలో అకడమిక్ స్టాఫ్ కళాశాలలు వెలిశాయి. కొత్తగా చేరిన అధ్యాపకులకు పరిచయ శిక్షణ, అనుభవజ్ఞులకు పునశ్చరణ శిక్షణ ఇవ్వడం వీటి విధి. 2015లో మానవ వనరుల వికాస కేంద్రాలుగానూ, 2023లో మాలవీయ మిషన్ అధ్యాపక శిక్షణా కేంద్రాలుగానూ వీటి పేర్లు మారాయి. 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుల వృత్తి వికాసానికి ప్రత్యేక కేంద్రమే వెలసింది. మనవంటి అల్పసంఖ్యాక వర్గాల కళాశాలలకు ఇది మిక్కిలి ఉపయోగకరం.

2017 జులైలో 'స్వయం' అనే డిజిటల్ విద్యావేదిక ప్రారంభమైంది. 2018లో అధ్యాపకుల కోసమే 'అర్పిత్' అనే పునశ్చరణ కార్యక్రమాన్ని దాని ద్వారా నడిపారు. అధ్యాపకుడు తానే విద్యార్థియై, తెర ముందు కూర్చొని నేర్చుకొని, పరీక్ష వ్రాయాలి. ఇందులో ఒక లోతైన ప్రయోజనం ఉంది. గంటసేపు తెర వంక చూడటంలోని అలసట, మధ్యలో ప్రసారం ఆగిపోయినప్పటి విసుగు అనుభవించిన అధ్యాపకుడు తన పాఠాన్ని పది నిమిషాల చిన్న భాగాలుగా విభజించుకోవడం నేర్చుకుంటాడు.

అయితే పదోన్నతికి అవసరమైన ధృవపత్రం కోసమే శిక్షణకు వెళ్ళడం, తిరిగి వచ్చి పాత నోట్సునే చెప్పించి వ్రాయించడం జరిగితే ఆ శిక్షణ వ్యర్థం. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణంగా కళాశాలలు మూతపడినప్పుడు ఈ లోపం బయటపడింది. ఇంటికొక్క ఫోను, దానికి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ వంతులు. అవతల, ఎన్నడూ కెమెరా ముందు నిలబడని అధ్యాపకుడు. పాఠం పంపడం ఒక ఎత్తు, అది చేరిందో లేదో తెలుసుకోవడం మరొక ఎత్తు అని ఆ కాలం మనకు నేర్పింది.

భాషా సమస్య

మన విద్యార్థులలో కొందరు ఉర్దూలో, కొందరు తెలుగులో చదువుకొని డిగ్రీ తరగతికి వస్తారు. ఒకరు పాఠశాలలో 'కిరణజన్య సంయోగక్రియ' అని నేర్చుకున్న విషయాన్నే మరొకరు 'జియాయీ తాలీఫ్' అని నేర్చుకొని ఉంటారు. తెర మీది ఆచార్యుడు ఆంగ్లంలో 'ఫోటోసింథసిస్' అంటాడు. మూడూ ఒకటే అని తెలియక ముందే పాఠం ముందుకు సాగిపోతుంది. విషయం తెలిసి కూడా పదం తెలియక వెనుకబడిన విద్యార్థిని మందమతి అనుకోవడం అన్యాయం. ఈ మూడు పదాలనూ పాఠానికి ముందే బల్ల మీద వ్రాసి కలిపి చూపడం ఏ యంత్రమూ చేయలేదు, అధ్యాపకుడు చేయగలడు. తెలుగు, ఉర్దూ లిపులలో కంప్యూటరుపై వ్రాయడం నేడు సులభమైంది గనుక, ఆ నేర్పు కూడా శిక్షణలో భాగం కావాలి.

మనం చేయదగినవి

పాలకవర్గం వారు సహృదయంతో పరిశీలించగలరని ఈ క్రింది సూచనలు మనవి చేస్తున్నాను.

1. వారానికి ఒక గంట అధ్యాపకుల పరస్పర శిక్షణకు కేటాయించాలి. శిక్షణ పొంది వచ్చినవారు తాము నేర్చినదాన్ని సహాధ్యాపకుల ముందు ప్రదర్శించాలి.

2. నిశ్శబ్దమైన ఒక చిన్న గదిని పాఠాల ధ్వనిముద్రణకు ప్రత్యేకించాలి. దృశ్యం కంటె ధ్వని తక్కువ ఖర్చుతో విద్యార్థికి చేరుతుంది.

3. ప్రతి శాఖా తన విషయానికి సంబంధించిన పదాలను తెలుగు, ఉర్దూ, ఆంగ్లాలలో పట్టికగా కూర్చాలి. ఈ పనిలో విద్యార్థులను భాగస్వాములను చేయాలి.

4. ఈశాన్య రుతుపవనాల కాలంలో మన తీరానికి తుఫానులు, విద్యుత్ అంతరాయాలు తప్పవు. కనుక ముఖ్యమైన పాఠాలను ముందుగానే గ్రంథాలయంలో భద్రపరచి, విద్యార్థులు నకలు తీసుకొనే వీలు కల్పించాలి.

ఉపగ్రహానికి ఆయుఃపరిమితి ఉంది. యంత్రాలు పాతబడతాయి, పథకాల పేర్లు మారుతాయి. ఒక అధ్యాపకుడు సంపాదించిన బోధనా నైపుణ్యం మాత్రం తరతరాల విద్యార్థులకు అందుతూనే ఉంటుంది. పరికరాల కొనుగోలుకు వెచ్చించే ధనంలో కొంత భాగాన్ని, అంతకు మించి కొంత కాలాన్ని, అధ్యాపకుల అధ్యయనానికి వెచ్చించడం వివేకం. విద్యార్థి సోదర సోదరీమణులు కూడా తమకు అర్థం కాని పాఠాన్ని అర్థం కాలేదని ధైర్యంగా చెప్పాలి. అధ్యాపకునికి అంతకు మించిన శిక్షణ లేదు.