ఎక్స్‌రేలో ఊరి నీళ్లు: రేడియాలజీ చదవాలనుకునే వారికి

నడుము పట్టేసి వంగలేకపోతున్న అరవై ఏళ్ల పెద్దాయనకు ఎక్స్‌రే తీశారనుకోండి. వెన్నుపూసలు, తుంటి ఎముకలు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. ఆ వయసు మగవాళ్లలో ఇంత తెలుపు కనిపిస్తే రేడియాలజిస్టుకు ముందు వచ్చే అనుమానం, ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందేమోనని. అలా అనుమానించడం సబబే. అయితే అంతటితో ఆగకుండా ‘మీది ఏ ఊరు? ఏ నీళ్లు తాగేవారు?’ అని అడిగి, ముంజేతికి కూడా ఒక ఎక్స్‌రే తీయిస్తే విషయం తేలిపోవచ్చు. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఒక పల్చటి పొర ఉంటుంది. మామూలుగా అది ఎక్స్‌రేలో కనబడదు. ఆ పొర ఎముకలా గట్టిపడి, అంచున ముళ్లలా తేలిందంటే, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌కు అది బలమైన గుర్తు.

మన దేశంలో ఈ జబ్బు గురించి 1937లోనే వైద్యులు రాశారు. వాళ్లు చూసిన రోగులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా వాళ్లు. నల్గొండలో ఫ్లోరోసిస్ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. అక్కడ పనిచేసిన డాక్టరుకు తెలిసిన జబ్బే, లండన్‌లో కూర్చుని స్కాన్లు చూసే డాక్టరుకు అరుదైన జబ్బు. ఈ వృత్తిలోకి వచ్చే తెలుగు పిల్లలు తమ ఊరి గురించి తెలిసిన ప్రతి విషయాన్నీ చదువులో భాగంగానే చూడాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో ఉదాహరణ. బాగా చదివే పిల్లాడి చేతిరాత చెడిపోయింది, మాట ముద్దగా వస్తోంది, చిన్నదానికే కోపం. వయసు ప్రభావం అనుకుంటూ ఇంట్లోవాళ్లు నెలలు గడిపేస్తారు. అది విల్సన్ వ్యాధి కావచ్చు. కాలేయంలో, మెదడులో రాగి పేరుకుపోవడం వల్ల వస్తుంది. కొందరి ఎంఆర్ఐలో మధ్య మెదడు అచ్చం పాండా ముఖంలా కనిపిస్తుంది. ఆ ముఖాన్ని గుర్తుపట్టి రక్త, మూత్ర పరీక్షలు చేయించమంటే, మందులతో అదుపు చేయగల జబ్బు సకాలంలో బయటపడుతుంది.

చూడడం మాత్రం అనుకున్నంత తేలిక కాదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికా పరిశోధకులు ఊపిరితిత్తుల సీటీ స్కాన్లలో గొరిల్లా బొమ్మ పెట్టి, గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చారు. 20 మందికి గొరిల్లా కనిపించలేదు. గడ్డల కోసం చూసే కంటికి గడ్డలే కనిపిస్తాయి. ఒకటి దొరకగానే వెతకడం ఆపేయడం కూడా ఈ వృత్తిలో పాత జబ్బే.

ఇక దారులు. నీట్ రాసి ఎంబీబీఎస్, ఆపై నీట్ పీజీతో మూడేళ్ల ఎండీ రేడియో డయాగ్నసిస్ లేదా డీఎన్‌బీ. మెదడు స్కాన్ల మీద మక్కువ ఉంటే బెంగళూరు నిమ్‌హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర లాంటి చోట్ల డీఎం ఉంది. ఎంబీబీఎస్ సీటు రాకపోతే కుంగిపోవద్దు. ఇంటర్ బైపీసీ తర్వాత ఇమేజింగ్ టెక్నాలజీలో బీఎస్సీ చేయవచ్చు. ఏపీలో ఎన్టీఆర్, తెలంగాణలో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాల పరిధిలో కాలేజీలున్నాయి. ఆ చదువుతో వచ్చే టెక్నీషియన్ పనిని తక్కువగా చూడకండి. రోగితో ముందు మాట్లాడేది ఆయనే. ముంజేయి సరిగ్గా పెట్టించి ఫిల్ము తీసేదీ ఆయనే. అది వంకరగా వస్తే ఎంత పెద్ద డాక్టరైనా ఏం చదువుతాడు?

ఏఐ వస్తే ఈ ఉద్యోగాలు ఉంటాయా అని చాలామంది అడుగుతున్నారు. వేల స్కాన్లు చూపిస్తే గానీ యంత్రానికి పాఠం ఎక్కదు. అరుదైన జబ్బుకు అన్ని స్కాన్లు దొరకవు. కాబట్టి అక్కడ మనిషి కన్ను ఇంకా చాలాకాలం కావాలి.

ఆసక్తి ఉందో లేదో తేల్చుకోవడానికి ఫీజు కట్టాల్సిన పని లేదు. రేడియోపీడియా వెబ్‌సైట్‌లో వేల కేసులు ఉచితంగా చూడవచ్చు. రోజుకు ఒక కేసు తెరవండి. జబ్బు పేరు చూడకుండా, మీకు కనిపించింది కనిపించినట్టు తెలుగులోనే నోటుబుక్కులో రాయండి. ఆ తర్వాతే జవాబు చూడండి. నెల రోజులు ఇలా చేశాక ఇంకో కేసు చూడాలనిపిస్తే, పైన చెప్పిన దారుల్లో ఒకదానికి దరఖాస్తు పెట్టండి.